చూపించే ముందు అర్జీ పెట్టండి: పూతరేకుల నుంచి ఏరేటర్ల దాకా

(రావులపాలెంలో చిరువ్యాపారులు, నర్సరీ రైతులు, ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం జరిగిన సభలో ఒక పేటెంట్ ఏజెంట్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారమండి. ఆ ఫ్యాను కాస్త తగ్గించు బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి. ఆఁ, చాలు.

నా దగ్గరకి వచ్చేవాళ్ళు కూర్చోగానే అనే మొదటి మాట ఒకటే. "సార్, దీనికి పేటెంట్ చేయించాలి." దీనికి అంటే దేనికండీ? ఒకాయనకి కొట్టు పేరు. ఒకావిడకి చీర మీద బుటా. ఇంకొకాయన తన చేలో ఏరి పెంచుకున్న వరి వంగడం. మొన్న ఒక కుర్రాడు పాట రాసుకొచ్చాడు. అన్నిటికీ పేటెంటే కావాలి! పేటెంట్ అంటే మనకి అంత మోజు. ఈ పూట నేను చెప్పబోయేది దీని గురించే. పేటెంట్ వస్తుందా రాదా అని అడిగే ముందు, అసలు నా చేతిలో ఉన్నదేమిటి అని అడగండి. అది తేలితే ఏ చట్టం దగ్గరికి వెళ్ళాలో తేలిపోతుంది. చట్టం ఒక్కటి కాదండి, అరడజను ఉన్నాయి.

ఇదిగో, దారిలో కొనుక్కొచ్చాను. ఆత్రేయపురం పూతరేకులు, ఒక డబ్బా. సభ అయ్యాక తిందాం, కంగారు పడకండి. ఈ డబ్బాలో ఎన్ని హక్కులున్నాయో చూద్దాం.

పైన కొట్టు పేరుంది. అది ట్రేడ్‌మార్కు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కింద రిజిస్టరు చేయించుకోవాలి. పదేళ్ళకోసారి కొత్త చేయించుకుంటూ పోతే ఎన్నాళ్ళయినా మీదే. సరుకులని తరగతులుగా విడదీశారు, మిఠాయిలు 30వ తరగతిలోకి వస్తాయి. వ్యక్తులకీ చిన్న సంస్థలకీ ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. ఇక్కడ ఒక్క మాట. "ఆత్రేయపురం పూతరేకులు" అన్న పేరునే నా ఒక్కడి పేర రాయించుకుంటానంటే కుదరదు. అది ఊరి పేరు, సరుకు పేరు. మీ ఒక్కరినీ గుర్తుపట్టించే పేరేదో ముందు తగిలించుకోవాలి. అలాగే, సున్నా చుట్టి లోపల ఆర్ అక్షరం పెడతారు చూశారూ? రిజిస్ట్రేషన్ వచ్చాకే అది పెట్టాలి. రాకుండా పెడితే జరిమానా పడుతుందండి, సరదా కాదు. అర్జీ మాత్రమే పెట్టినవాళ్ళు టీఎం అని వేసుకోవచ్చు.

ఇప్పుడు ఈ బొమ్మ చూడండి. గోదావరి, పడవ, కొబ్బరిచెట్టు, పక్కన కుండ మీద రేకు తీస్తున్న అమ్మ. బాగుంది. ఎవరు వేశారండీ ఇది? ఫ్లెక్సీ షాపు కుర్రాడు కంప్యూటర్లో వేసిచ్చి ఉంటాడు. డబ్బులిచ్చేశాం కాబట్టి బొమ్మ మనదే అనుకుంటాం. మనది కాదు! 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఇలాంటి బొమ్మకి మామూలుగా వేసినవాడే మొదటి హక్కుదారు. అతను మీ దగ్గర జీతానికి పనిచేసేవాడయితే వేరే సంగతి. బయట షాపులో వేయించుకుంటే హక్కు మీకు రావడానికి కాగితం ఉండాలి, దాని మీద అతని సంతకం ఉండాలి. ఆ కాగితంలో ఎన్నాళ్ళకో రాయలేదనుకోండి, చట్టం ఐదేళ్ళకే అనుకుంటుంది. ఎక్కడెక్కడ వాడుకోవచ్చో రాయకపోతే ఇండియా వరకే. మీ డబ్బాలు దుబాయ్ వెళ్తున్నాయి కదా, మరి? అందుకని రెండు ముక్కలు రాయించుకోండి: కాలపరిమితి లేకుండా, ప్రపంచమంతటా. ఖర్చేమీ లేదు. కాపీరైట్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కూడా కాదు, వేసిన క్షణంలోనే పుడుతుంది. రచయిత బతికినంతకాలం, పోయాక ఇంకో 60 ఏళ్ళు ఉంటుంది. ఇందాకటి పాట కుర్రాడికి కూడా కాపీరైటే దిక్కు, పేటెంట్ కాదు.

డబ్బా ఆకారం కొత్తగా ఉంటే డిజైన్ల చట్టం, పది ప్లస్ ఐదు, మొత్తం 15 ఏళ్ళు. లోపల కలిపే బెల్లం, నెయ్యి, జీడిపప్పు పాళ్ళు మీ ఇంటి రహస్యమైతే రహస్యంగానే ఉంచండి. దానికి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు, పనివాళ్ళతో రాసుకునే ఒప్పందమే కాపలా.

ఇక అసలు రేకు. దానికి పేటెంట్ వస్తుందా? మీరే చెప్పండి. రాదు. ఎందుకు రాదు?

ఎలా తీస్తారో మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. కుండ బోర్లిస్తారు, కింద కొబ్బరాకు మంట. బియ్యం నానబెట్టి రుబ్బి పాలలాగా పల్చగా చేసుకుంటారు. అందులో గుడ్డ ముంచి కుండ మీద అలా ఒక్కసారి లాగుతారు. గుడ్డ అవతలికి వెళ్ళేలోపు రేకు కాలిపోయి అంచు లేస్తుంది. చేత్తో తీసి పక్కన పెడతారు. తరాలుగా ఉన్న విద్య. 1970 నాటి పేటెంట్ చట్టంలో మూడో సెక్షన్ అని ఒకటుంది. దేనికి పేటెంట్ ఇవ్వకూడదో అందులో ఉంటుంది. న్యాయంగా అయితే అందరూ ముందు చదవాల్సింది అదే. దానిలో పీ అనే క్లాజు సంప్రదాయ విజ్ఞానానికి పేటెంట్ లేదంటుంది. మీకు రాదు, సరే. పై ఊరివాడికీ రాదు. అది మనకి రక్ష.

రక్ష అని ఎందుకంటున్నానంటే పసుపు సంగతి ఉంది. గాయానికి పసుపు పెట్టడం మీద 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చేశారు. మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్య కేంద్రానికి. మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్ళు సవాలు చేస్తే 1997లో రద్దయింది. ఎలా రద్దయిందనేదే మనకి పాఠం. "మా నాయనమ్మ పెట్టేదండీ" అంటే అక్కడ వినేవాళ్ళెవరు? కాగితం కావాలి. సంస్కృత గ్రంథాలు చూపించారు, 1953లో భారత వైద్య సంఘం పత్రికలో అచ్చయిన వ్యాసం చూపించారు. అచ్చులో ఉన్న పాత సాక్ష్యం గెలిపించింది. ఆ తర్వాతే మన ప్రభుత్వం సంప్రదాయ విజ్ఞానాన్ని డిజిటల్ గ్రంథాలయంగా పెట్టి పేటెంట్ ఆఫీసులకి చూపించడం మొదలుపెట్టింది.

సరే. రేకుకి రాదు. మరి రేకు తీసే మిషనుకి? కుండ తిరుగుతూ, పిండి తనంతట తనే పూసుకుంటూ, రేకు చిరగకుండా ఊడొచ్చే మిషను ఎవరైనా చేస్తే? ఆ, దానికి వస్తుంది! రావచ్చు. మూడు పరీక్షలు నెగ్గాలి. ఒకటి, ప్రపంచంలో ఇంతకుముందు ఎక్కడా లేనిదై ఉండాలి. మన జిల్లాలో లేదంటే చాలదు. రెండు, ఆ పని తెలిసినవాడు "ఓస్, ఇంతేనా, నాకూ తట్టేదే" అనేలా ఉండకూడదు. మూడు, తయారుచేసి వాడుకోగలిగేదై ఉండాలి. ఎక్కువమంది బోల్తా పడేది రెండో దాని దగ్గర. కానీ మన ప్రాంతంలో, నేను చూసినంతలో, మొదటి దాని దగ్గరే పడిపోతున్నారు. అదీ వాళ్ళ చేత్తో వాళ్ళే పడుతున్నారు.

భీమవరం వైపు ఒకాయన ఉన్నాడండి, పేరూ ఊరూ చెప్పను. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు, అంటే నీళ్ళకి గాలి పట్టించే మిషన్లు, బాగుచేస్తాడు. చదువు పదో తరగతి. ఏరేటర్ రెక్కలు నీళ్ళని కొట్టేటప్పుడు గేర్‌బాక్సు మీద పడే బరువు తగ్గేలా రెక్క వంపు మార్చాడు, రంధ్రాలు వేరే వరసలో పెట్టాడు. కరెంటు కలిసొచ్చింది, రైతులు మెచ్చుకున్నారు. నాకు నిజంగా ముచ్చటేసింది, అంత మంచి పని. సరే, అర్జీ రాద్దాం అనుకుంటూ అడిగాను. "ఇది ఎవరికైనా చూపించారా?" "చూపించడమేంటండీ, సంక్రాంతికే వీడియో తీసి పెట్టాను, లక్షమంది చూశారు." మేం మాట్లాడుతున్నది వినాయక చవితి దగ్గర.

అయిపోయిందండి. ఆ వీడియోయే ఆయనకి అడ్డం. అర్జీ పెట్టిన రోజుకి లోకానికి తెలిసిపోయినది కొత్తది కాదు, చెప్పింది మీరే అయినా సరే. "నాదే కదండీ, నేనే కదా పెట్టింది" అని పాపం అదే మాట. మీదేనండి, కానీ కొత్తది కాదు. చట్టంలో కొంత వెసులుబాటు ఉంది, కాదనను. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ఎగ్జిబిషన్‌లో పెడితే 12 నెలలు గడువుంటుంది. తప్పనిసరై నలుగురిలో ప్రయోగంగా నడిపినా ఏడాది వరకు కొంత మినహాయింపు ఉంది, అది ప్రయోగమేనని మీరు నిరూపించుకోవాలి. యూట్యూబ్ గెజిట్‌లో లేదు కదా! వాట్సాప్ గ్రూపూ లేదు. ఆక్వా మేళాలో స్టాలు పెట్టేస్తాం, అడిగినవాడికల్లా విప్పి చూపిస్తాం. మన గోదావరోళ్ళకి దాచుకోవడం రాదు కదండీ, ఉన్నదంతా వడ్డించేస్తాం.

మరి ఏం చేయాలి? ముందు ప్రొవిజనల్ అర్జీ, అంటే తాత్కాలిక అర్జీ, పెట్టండి. ఐడియా కాదు, పనిచేసే విధానం, బొమ్మలతో సహా. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో పెడితే ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు. ఆ రోజు తేదీ మీకు ఖాయమవుతుంది. 12 నెలల్లోపు పూర్తి అర్జీ వేయాలి. ఆ తేదీ పడ్డాక వీడియో తీసుకోండి, మేళా పెట్టుకోండి, మీ ఇష్టం. పెట్టే ముందు ఆగడం, అంతే. నాలాంటివాళ్ళ ఫీజు వేరే ఉంటుందనుకోండి, అది దాచడం ఎందుకు.

పూర్తి అర్జీలో ప్రాణమంతా క్లెయిముల్లో ఉంటుంది. పొలం దస్తావేజులో తూర్పున ఫలానావారి చేను, పడమర పంట కాలువ అని హద్దులు రాస్తాం కదా, క్లెయిములు అవి. హద్దు మరీ కుదించి రాస్తే పక్కవాడు ఒక బోల్టు మార్చి తప్పించుకుంటాడు. మరీ సాగదీసి రాస్తే ఎప్పటినుంచో ఉన్నదాన్ని కూడా కలిపేసుకున్నావని కొట్టేస్తారు. అందుకే పక్కింటివాళ్ళ అర్జీ చూసి నింపేద్దాం అనుకోకండి.

ఇంకో మాట. పేటెంట్ వస్తే మీకు తయారుచేసే హక్కు వచ్చిందని కాదు. ఇతరులని ఆపే హక్కు వచ్చింది. అదీ ఇండియాలోనే. "వరల్డ్ పేటెంట్" అని కార్డుల మీద వేసుకుంటారు, అలాంటిది లోకంలో లేదు. ఏ దేశానికి ఆ దేశమే. 20 ఏళ్ళు, అర్జీ తేదీ నుంచి లెక్క. మూడో ఏడు నుంచి ఏటా ఫీజు కట్టాలి, కట్టకపోతే పోతుంది.

ఈ వెనక వరసల్లో ఇంజనీరింగ్ పిల్లలు, లెక్చరర్లు ఉన్నారు కదా. కోపం తెచ్చుకోనంటే ఒకటి చెప్తాను. "మా సారు పేటెంట్ పబ్లిష్ అయింది" అని కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ కడుతున్నారు. అర్జీ పెట్టిన ప్రతిదీ 18 నెలలకి పేటెంట్ ఆఫీసు జర్నల్‌లో పబ్లిష్ అవుతుందమ్మా! ఇంకొంచెం ఫీజు కడితే ముందే వేస్తారు. అది అర్జీ అందిందని లోకానికి చెప్పడం. పరీక్ష ఇంకా మొదలే కాలేదు. పరీక్షకి విడిగా ఫీజు కట్టి అడగాలి, ఎగ్జామినర్ అభ్యంతరాలు రాస్తాడు, జవాబివ్వాలి, మధ్యలో ఎవరైనా సరే వ్యతిరేకత దాఖలు చేయొచ్చు. అన్నీ దాటితే గ్రాంటు, అంటే పేటెంట్ చేతికి రావడం. పబ్లిష్ వేరు, గ్రాంటు వేరు. ఇంకా ఘోరం, ఏదో విదేశంలో డిజైన్ రిజిస్ట్రేషన్ ఒకటి కొనిపెట్టి, ఆరుగురు పేర్లు వేసి, దాన్నీ పేటెంట్ అంటున్నారు. డబ్బులిచ్చి పేరు వేయించుకోవడం... వద్దులెండి, ఎక్కువ మాట్లాడితే మళ్ళీ పిలవరు.

పేరు అంటే గుర్తొచ్చింది. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు భీమవరంలో పుట్టారు, 1895లో. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనలకి నాయకత్వం వహించారు. మన డెల్టాలో బోదకాలు ఎంత పీడించిందో పెద్దవాళ్ళకి తెలుసు, దానికి డీఈసీ మందు ఆయన బృందం నుంచే వచ్చింది. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆయన నడిపిన చోటునుంచే. ఆ పేటెంట్ 1949లో వచ్చింది. కనిపెట్టినవారి పేరు బెంజమిన్ డగ్గర్. యజమాని లెడర్లీకి పై కంపెనీ, అమెరికన్ సయనమిడ్. సుబ్బారావు గారు అప్పటికే పోయారు. ఇందులో అన్యాయం జరిగిందని నేను అనడం లేదు, ఆ పదార్థాన్ని కనిపెట్టింది డగ్గరే. నేను చెప్పేది ఏమిటంటే, పేటెంట్ కాగితం మీద రెండు గళ్ళుంటాయి. కనిపెట్టినవాడి గడి ఒకటి, యజమాని గడి ఒకటి. ఉద్యోగంలో చేరేటప్పుడు మీరు చదవకుండా సంతకం పెట్టే ఒప్పందం ఆ రెండో గడిని నింపేస్తుంది. చదివి పెట్టండి.

మందుల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. 20 ఏళ్ళు ఒకరి చేతిలో పెడితే ధర ఇష్టమొచ్చినట్టు పెంచరా అని అడుగుతారు. పెంచుతారు. అందుకే పేటెంట్‌ని ప్రభుత్వం ఊరికే ఇవ్వదు. నీ విద్య మొత్తం విప్పి రాయి, జనానికి అందేలా చూడు, అప్పుడే ఇన్నాళ్ళు నీది అంటుంది. జనానికి అందకపోతే? బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు నెక్సవార్, అప్పట్లో నెలకి సుమారు 2,80,000 రూపాయలు. హైదరాబాద్ నాట్కో కంపెనీ చాలా తక్కువకి ఇస్తానని అర్జీ పెట్టింది. 2012 మార్చిలో పేటెంట్ ఆఫీసు నాట్కోకి తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకపోయినా తయారుచేసుకునే అనుమతి, ఇచ్చింది, నెలకి 8,880 రూపాయలకి మించకుండా అమ్మేలా, బేయర్‌కి రాయల్టీ కట్టేలా. పేటెంట్ రద్దు కాలేదు, కానీ తాళం తెరిచారు. మన దేశంలో అలాంటి లైసెన్సు మందుల మీద ఇచ్చింది ఆ ఒక్కసారే.

రైతుల దగ్గరికి వద్దాం. కొబ్బరితోటలో కోకో వేసి, కొత్త ఎడంతో, కొత్త పద్ధతిలో దిగుబడి పెంచారనుకోండి. పేటెంట్ వస్తుందా? రాదు. వ్యవసాయ పద్ధతికి మన చట్టంలో పేటెంట్ లేదు. మొక్కకీ విత్తనానికీ లేదు. కోకో కాయ పగలగొట్టే పనిముట్టుకి రావచ్చు, పద్ధతికి మాత్రం రాదు. కానీ మొక్కల రకాలకి 2001లో వేరే చట్టం వచ్చింది. మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం. పంటలకి 15 ఏళ్ళు, చెట్లకి 18 ఏళ్ళు. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ వరి, ఎంటీయూ 7029, ఎన్ని రాష్ట్రాల్లో పండిందో మీకు తెలుసు. దాని గింజ దాచుకుని మళ్ళీ వేశారు, పక్కింటివాళ్ళకి ఇచ్చారు. ఈ చట్టంలో 39వ సెక్షన్ ఆ అలవాటుని హక్కుగా రాసింది. రిజిస్టరైన రకమైనా సరే, రైతు దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు సంచిలో, బ్రాండు పేరుతో అమ్మకూడదు, అంతే. కంపెనీ చెప్పిన దిగుబడి రాకపోతే నష్టపరిహారం అడిగే హక్కు కూడా అందులోనే ఉంది. ఎవరూ వాడుకోరు! 2019లో గుజరాత్‌లో బంగాళాదుంప రకం గురించి పెప్సికో రైతుల మీద కేసులు వేసి, గొడవయ్యాక వెనక్కి తీసుకుంది. అప్పుడు రైతు సంఘాలు పట్టుకున్నది ఈ సెక్షన్‌నే.

కడియపులంక నర్సరీల వాళ్ళు మాత్రం జాగ్రత్త. మీరు అంట్లు కట్టి వ్యాపారంగా అమ్ముతారు. రిజిస్టరైన గులాబీ రకాన్ని పేరుతో సహా అమ్ముతుంటే రైతు మినహాయింపు అని తప్పించుకోవడం కష్టం. రిజిస్ట్రీ ఒకసారి చూసుకోండి. అలాగే మీ తోటలో మీరే ఏరి నిలబెట్టిన రకం ఉంటే మీరే రిజిస్టరు చేయించుకోండి. రైతు రకాలకి ఫీజు లేదు.

చివరగా జీఐ, భౌగోళిక గుర్తింపు. ఉప్పాడ జమ్‌దానీకి 2009లో వచ్చింది. మన ఆత్రేయపురం పూతరేకులకి 2023లో, నర్సాపురం లేసుకి 2024లో. ఇది ఎవరి ఒక్కరి సొత్తూ కాదు, అమ్ముకోవడానికీ అద్దెకివ్వడానికీ కుదరదు. ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో చేసేవాళ్ళందరిదీ. చాలా గొప్ప విషయం. కానీ నా మనసులో మాట చెప్తాను, సర్టిఫికెట్ వచ్చిన రోజు సన్మానాలు చేసుకుని ఊరుకుంటే అది గోడకి తగిలించుకోవడానికే పనికొస్తుంది.

లేసు చూడండి. నర్సాపురం చుట్టుపక్కల అరుగు మీద కూర్చుని కొక్కెంతో దారం తిప్పే అమ్మలే దానికి మూలం. వాళ్ళ చేతికి నమూనా ఇచ్చేదీ దారం ఇచ్చేదీ మధ్యవాళ్ళు, లెక్క కట్టేదీ వాళ్ళే. మిషను లేసు పక్కనే చవగ్గా దొరుకుతుంది. జీఐ వచ్చింది. ఆ అమ్మకి ఏం వచ్చింది? ఆమె పేరు అధీకృత వినియోగదారుగా చెన్నై రిజిస్ట్రీలో ఎక్కితేనే ఆ గుర్తు వాడుకునే హక్కు ఆమెకి వస్తుంది. ఎక్కకపోతే గుర్తు వ్యాపారి దగ్గర, కొక్కెం ఆమె దగ్గర. ఆ ఫారం జీఐ-3, ఫీజు నామమాత్రం. పూతరేకుల వాళ్ళకీ ఇదే. డబ్బా మీద ఆత్రేయపురం పేరేసి ఎక్కడో తయారుచేస్తున్నారని గోల పెడతాం. సరే, కేసు ఎవరు వేయాలి? జీఐ తీసుకున్న సంఘం, లేదా పేరెక్కిన తయారీదారు. ఎవరూ ఎక్కకపోతే ఎవరు అడుగుతారండీ? ఈ సభలో పూతరేకులు చేసేవాళ్ళు చేతులెత్తండి. సరే. అందులో పేరు ఎక్కించుకున్నవాళ్ళు? ... అదీ సంగతి.

ఒక చీటీ వచ్చింది. "మా అబ్బాయి యాప్ చేశాడు, పేటెంట్ వస్తుందా?" కేవలం ప్రోగ్రామ్‌కి రాదండి, దానికి కాపీరైట్ ఉంది. ఆ ప్రోగ్రామ్‌తో ఏదైనా యంత్రం కొత్తరకంగా పనిచేస్తుంటే, ఉదాహరణకి చెరువులో ఆక్సిజన్ చూసి ఏరేటర్‌ని తనంతట తనే నడిపించే ఏర్పాటు ఉంటే, ఆ ఏర్పాటు గురించి మాట్లాడదాం. అబ్బాయిని తీసుకురండి. వీడియో మాత్రం పెట్టొద్దని చెప్పండి.

పేటెంట్, ట్రేడ్‌మార్కు అర్జీలు ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. మనకి పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు, జీఐ చెన్నై కిందకి వస్తాయి, డిజైన్లు కోల్‌కతా, మొక్కల రకాలు ఢిల్లీ. పేటెంట్ ఏజెంటు దగ్గరికి వెళ్తే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మొహమాటపడకండి, నన్నూ అడగండి. జీఐ-3 ఫారాలు ఒక కట్ట తెచ్చాను, ఈ టేబుల్ మీద ఉన్నాయి. ఇందాక చేతులెత్తిన అమ్మలు ఆధార్ జిరాక్సు పట్టుకుని ముందు వరసలోకి రండి, ఇక్కడే కూర్చుని నింపేద్దాం. తమ్ముడూ, ఆ డబ్బా విప్పి అందరికీ పంచు.